పాలకు తోడు బువ్వ

మన యిండ్లలో పసిబిడ్డలకు జరుపు వేడుకలలో అన్నప్రాశనమంత ముచ్చటైనది మఱియొకటి లేదని నా నమ్మకము. పురుటినాటి ఆందోళన అప్పటికి తీరి, తల్లి కొంత తేఱుకొనియుండును. బారసాలనాడు కన్ను తెఱచుటయే గగనమైన బిడ్డ, ఆరవ నెల వచ్చుసరికి మేనమామ ఒడిలో కూర్చుండి, కట్టిన పట్టుగుడ్డ అంచును నోటిలో కుక్కుకొనుచు, వచ్చినవారినెల్ల తేఱిపాఱ చూచుచుండును. వెండిగిన్నెలో పరమాన్నము వచ్చును. మేనమామ తన వ్రేలి యుంగరమును తీసి, దాని అంచును పరమాన్నమున ముంచి, బిడ్డ నాలుకకు తాకించును. ఆ క్షణమున ఆ ముఖము చూడవలెను. కనుబొమలు ముడిపడును, పెదవులు ముందునకు వచ్చును, నాలుక ఆ మెతుకును గడ్డము మీదికి నెట్టివేయును. అంతలోనే, పోయినదేదో రుచియైనదని తెలిసినట్లు, ఆ నాలుకయే దానిని వెదకుచు మరల బయటికి వచ్చును. అందఱును నవ్వుదురు. తరువాత పుస్తకము, కలము, బంగారము, పూలు పరచిన చోట బిడ్డను విడిచి, దేనిపై చేయి వేయునో చూచి, పెద్దలు తమకు తోచిన జోస్యము చెప్పుదురు. విస్తళ్ళు లేచును. చుట్టములు వెళ్ళిపోవుదురు.

మఱునాడు ఆ బిడ్డకు ఏమి పెట్టినారు? నేడు నేను మాటాడదలచినది ఆ మఱునాటిని గూర్చియే.

ముప్పది యేండ్లకు పైగా శిశువైద్యమున గడపినదానను. బిడ్డ నెత్తుకొని వచ్చిన ప్రతి తల్లిని "అన్నప్రాశన అయిందా అమ్మా?" అని అడుగుట నాకు అలవాటు. "అయిందండీ, ఘనంగా చేశాం" అను సమాధానము తడుముకొనకుండ వచ్చును. "ఆ తర్వాత ఏం పెడుతున్నారు?" అని అడిగినపుడు మాత్రము మాట నెమ్మదించును. "పాలే పడుతున్నానండీ. పెడితే ఊసేస్తోంది. అప్పుడప్పుడూ పప్పుకట్టు..." ఆ వాక్యము పూర్తి కాకమునుపే బిడ్డ చేతులును, తొడలును నాకు మిగిలినది చెప్పివేయును. ముహూర్తము పెట్టి, చుట్టములను పిలిచి, వెండిగిన్నె తీసి చేసిన ప్రాశనము ఒక్కనాటితో ఆగిపోయినదని, దాని తరువాత రోజునకు రెండు మూడు మార్లు, ఏ మేళములును లేకుండ, జరుగవలసిన నిత్యప్రాశనము జరుగుట లేదని నాకు తెలిసిపోవును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 6 నుండి 23 నెలల వయసు గల మన దేశపు బిడ్డలలో కనీసమాత్రపు ఆహారమైనను సరిగా అందుచున్నవారు నూటికి సుమారు 11 మందియే యని తేలినది. ఇది కేవలము లేమి వలననే జరిగినదనుకొనుటకు వీలు లేదు. పాడియు, పంటయు, ఫ్రిజ్జి నిండ కూరగాయలును గల యిండ్లనుండి కూడ చిక్కిన బిడ్డలు నా బల్లమీదికి వచ్చినారు.

ఆరవ నెల యను నియమము మనకు క్రొత్తది కాదు. ఆశ్వలాయన గృహ్యసూత్రము షష్ఠమాసమున అన్నప్రాశనము విధించినది. సుశ్రుతసంహిత శారీరస్థానమున, ఆరవ నెలలో శిశువునకు తేలికైనదియు, హితమైనదియు నగు అన్నము నీయవలెనని కలదు. ఆధునిక వైద్యము ఈ విషయమున పెక్కేండ్లు నాలుగవ నెల యనియు, ఆరవ నెల యనియు ఊగిసలాడి, తుదకు 2001లో ప్రపంచారోగ్యసభ తీర్మానముతో, ఆరు నెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప మంచినీటి చుక్కయైనను వలదను చోట స్థిరపడినది. ఇందువలన పూర్వులకు సర్వమును తెలిసియుండెనని నేను వాదింపబోను. వారు బిడ్డను దగ్గఱ నుండి చూచిరి. చూచిన దానిని విధిగా వ్రాసిరి. అదియే చాల గొప్ప సంగతి. మగబిడ్డకు సరి నెలలోను, ఆడబిడ్డకు బేసి నెలలోను ఈ శుభకార్యము జరుపుట మన ప్రాంతముల ఆచారము. ఆడబిడ్డకు ఏడవ నెలలో చేయుదుమని చెప్పు అమ్మమ్మలకు నేనెన్నడును అడ్డు చెప్పలేదు; నడుచుచున్న ఏడవ నెల యనగా ఆరు నిండినవనియే కదా అర్థము. ఐదవ నెలలోనే ముహూర్తము కుదిరినచో, ఆనాడు ఉంగరపుటంచుతో వేడుక తీర్చుకొని, గిన్నె పట్టుట మాత్రము ఆరు నిండిన పిమ్మటనే మొదలుపెట్టుడు. ఒక్క మాట మాత్రము గట్టిగా చెప్పవలసియున్నది: ఆ పరమాన్నములో తేనె కలుపవలదు. తేనెలో కంటికి కానరాని ఒకజాతి సూక్ష్మజీవి బీజములు ఉండవచ్చును. పెద్దవారి ప్రేగులలో అవి మొలకెత్తవు కాని, ఏడాది లోపు బిడ్డ ప్రేగులలో మొలకెత్తి, కండరములను చచ్చుపఱచు విషమును పుట్టింపగలవు. ఏడాది నిండువఱకు తేనె నాలుకకు తాకింపరాదు.

ఆరు నెలలకే ఎందులకు? తల్లి గర్భమున నుండగనే బిడ్డ తన కాలేయమున ఇనుమును కొంత మూటగట్టుకొని వచ్చును. తల్లిపాలలో ఇనుము స్వల్పము. ఉన్నది చక్కగా వంటబట్టునే కాని, ఎదుగుచున్న శరీరమునకు చాలదు. ఆ మూట ఇంచుమించు ఆరవ నెలకు కరగిపోవును. మఱియొక వంక బిడ్డ దేహమే సూచనలిచ్చుచుండును: మెడ నిలుచును, ఆసరా నిచ్చిన కూర్చుండును, మీరు అన్నము తినుచుండగా మీ చేతి ముద్ద కంచము నుండి నోటివఱకు పోవు దారినంతటిని ఆ కన్నులు వెంబడించును, చేయి చాచి మీ కంచములో పెట్టును. అంతకుపూర్వము నోటిలో ఏది పెట్టినను నాలుక దానిని బయటికి నెట్టివేయుట పసిబిడ్డ స్వభావము. ఆ నెట్టుడు ఆరవ నెలకు మెల్లమెల్లగా సడలును. ఐనను మొదటి వారములలో దాని జాడ మిగిలియుండును గనుక, చెంచా పెట్టగనే నాలుకతో త్రోయు బిడ్డను చూచి, "దీనికి బువ్వ ఇష్టం లేదు" అని తల్లులు తీర్పు చెప్పివేయుదురు. ఇష్టము లేకపోవుట కాదు. చప్పరించుట మాత్రమే తెలిసిన నాలుక, లోనికి త్రిప్పుకొనుట నేర్చుకొనుచున్నది. ఎనిమిది పది మార్లు ఒకే రుచిని కాదనిన బిడ్డ పదునొకండవ మారు నోరు తెఱచుట సర్వసాధారణము.

పల్నాటి పల్లె నుండి ఒక ముసలమ్మ తొమ్మిది నెలల మనుమరాలిని తెచ్చిన సంగతి చెప్పెదను. అది మిరపకాయ కోతల కాలము. బిడ్డ తల్లి తెల్లవాఱకముందే కూలికి పోయి, ప్రొద్దు గూకిన పిమ్మట వచ్చును. వచ్చిన తరువాత కూడ, మిరపకాయల ఘాటుతో మండుచున్న చేతులను నూనె రాచి ఎన్నిమార్లు కడిగికొన్నను, ఆ వ్రేళ్ళతో బిడ్డ పెదవిని తాకుటకు ఆమెకు ధైర్యము చాలదు. కనుక పగటి పోషణమంతయు అమ్మమ్మదే. తూచితిమి. 5 కిలోల 600 గ్రాములు. ఆ వయసున ఆడబిడ్డ ఎనిమిది కిలోల కటు నిటుగా ఉండవలెను.

"ఏం పెడుతున్నావు పెద్దమ్మా?" అంటిని.

"పప్పుకట్టు పోస్తన్నానమ్మా. లోటాడు పోస్తే లోటాడూ తాగుద్ది. గెంజి పోస్తన్నా. బిడ్డ కడుపు మాడ్చలేదు తల్లీ."

ఆమె అబద్ధమాడలేదు. తాను తెచ్చిన స్టీలు డబ్బా మూత తీసి చూపెను. ఉప్పు చిటికెడు వేసిన పసుపుపచ్చని నీరు, అడుగున వ్రేలి మందమున పప్పు. పైనున్న తేటను వంచి బిడ్డకు పోసి, అడుగున నున్న పప్పును తాను అన్నములో కలుపుకొనుచున్నదట. "ముద్ద పెడితే గొంతుకడ్డం పడుద్దేమోనని బయం" అని చెప్పెను. నేను బల్లమీది చెంచా తీసి ఆ డబ్బాలో ముంచి, పైకెత్తి, ఒక ప్రక్కకు వంచితిని. చెంచాలో ఏమియు మిగులలేదు. ఆమె నా ముఖము వంక చూచి, చెంచా వంక చూచి, ఏమియు మాటాడలేదు.

శ్రోతలారా, నాకు తెలిసినంతలో మన బిడ్డలు చిక్కిపోవుటకు తల్లుల ప్రేమలో లోపము కారణము కాదు, చాల యిండ్లలో తిండి లేకపోవుటయు కారణము కాదు. మనము ప్రేమతో పోయుచున్న నీరు కారణము. కొంచెము లెక్క చూతము. ఆరు కిలోల బిడ్డ కడుపులో ఒకమారునకు పట్టునది సుమారు 180 మిల్లీలీటర్లు. ఒక చిన్న టీ గ్లాసుకన్న కొంచెమే ఎక్కువ. తల్లిపాలు సరిగా అందుచున్న బిడ్డకు, ఆ పాలకు తోడుగా బువ్వ వలన రావలసిన శక్తి 6 నుండి 8 నెలల వయసులో దినమునకు సుమారు 200 కాలరీలు, 9 నుండి 11 నెలలలో 300, ఏడాది దాటిన పిమ్మట 550. నూరు మిల్లీలీటర్ల తల్లిపాలలో 65 నుండి 70 కాలరీలున్నవి. పప్పుతేటలోను, వార్చిన గంజిలోను ఉండునది అంతకన్న తక్కువ. నూటికి నలువది యనుకొన్నను, తొమ్మిదవ నెల బిడ్డ తన 300 కాలరీల కొఱకు ముప్పాతిక లీటరు పప్పునీరు త్రాగవలెను. అంత పట్టదు. పట్టినంత త్రాగి, కడుపు నిండినదనుకొని, రొమ్ము నుండి ముఖము త్రిప్పి నిద్రపోవును. చూచినవారు "పొట్ట నిండింది, హాయిగా పడుకుంది" అందురు. మంచి ఆహారమైన పాలను త్రోసివేసి, దానికన్న హీనమైన నీటితో ఆ చోటు నింపితిమి. నిండిన పొట్టతో బిడ్డ ఆకలికి చిక్కును.

అందువలన నేను తల్లులకు చెప్పు కొలత ఒక్కటే. బువ్వ చెంచాలోనికి తీసి వంచినపుడు జాఱిపోక నిలువవలెను. అంతకన్న పలుచనైనది త్రాగుడు, అది తిండి కాదు.

ఇక్కడనే ఒక చిక్కు వచ్చును. చిక్కగా వండిన జావ చల్లాఱినకొలది గడ్డకట్టి, పండ్లు లేని నోటికి మింగుడు పడదు. నీరు కలిపిన పలుచనగును, పలుచనైన బలము పోవును. దీనికి మన వంటయింటిలోనే రెండు ఉపాయములున్నవి. మొదటిది నెయ్యి. ఒక చిన్న చెంచాడు నెయ్యిలో 45 కాలరీలున్నవి; అది ముద్దను పెంచదు, మెత్తన చేయును, గొంతుజాఱునట్లు చేయును. నెయ్యి లేనివారు వేరుసెనగ నూనెయైనను, నువ్వులనూనెయైనను వేయవచ్చును. రెండవ ఉపాయము నాకు నేటికిని ఆశ్చర్యము గొలుపునది. రాగులను - మీలో కొందఱు చోళ్ళందురు, తెలంగాణమున తైదలందురు - కడిగి, ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, ఒక దినమో రెండు దినములో ఉంచిన, గింజగింజకును తెల్లని ముల్లు పొడుచును. దానిని ఎండబెట్టి, మొలకలు రాలునట్లు అరచేతులతో నలిచి, చెఱిగి, సన్నని సెగపై పచ్చివాసన పోవునంత మాత్రమే వెచ్చజేసి, పిండి కొట్టుకొనవలెను. గరిటె నిలుచునంత గట్టిగా వండిన జావలో, వేడిగా నుండగనే, ఈ పిండి ఒక్క చెంచాడు వేసి కలుపుడు. చూచుచుండగనే ఆ గట్టిజావ కరగి పలుచబడును. ఒక్క చుక్క నీరు పోయలేదు. ఉన్న బలమంతయు అందులోనే యున్నది. మొలకెత్తు గింజ తన యాహారము కొఱకు పిండిపదార్థమును విడగొట్టుకొను ఒక జీవరసమును తనలో పుట్టించుకొనును. అమైలేసు అని దాని పేరు. అదియే మన గిన్నెలో పనిచేసి, నీటిని పట్టియుంచు పిండిని చక్కెరలుగా విప్పివేయును. తరువాత ఒక్క పొంగు రానిచ్చి దింపుకొనవలెను. పిండిని ఎఱ్ఱగా వేయించిన ఆ జీవరసము చచ్చిపోవును, పిండి వట్టి పిండిగా మిగులును; కనుక సెగ విషయమున జాగ్రత్త వహింపవలెను. బరోడా విశ్వవిద్యాలయపు గృహవిజ్ఞానులు ఈ విద్యను శ్రద్ధతో పరిశీలించి ప్రచారము చేసిరి. కాని ఎండకాలమున మొలకలు కట్టి రాగిపిండి కొట్టుకొను రాయలసీమ అవ్వలకు దీని పేరు తెలియకపోయినను పని తెలిసినదే.

ఉగ్గు మాట యెత్తకుండ ఈ ప్రసంగము సాగదు. వెనుకటి దినములలో ఉగ్గు అనిన, ఆముదమో, అరగదీసిన వసకొమ్మో కలిపి పురిటిబిడ్డ నోట పోయు పాలు. చిన్ననాటి నుండి వచ్చిన విద్యను ఉగ్గుపాలతో అబ్బినదనుట ఆ అలవాటు వలన వచ్చినదే. పలుకుబడిగా దానిని ఉంచుకొందము. ఆ ఆముదమును మాత్రము పురిటిబిడ్డకు పోయవలదు. ఇప్పటి యిండ్లలో ఉగ్గు అనిన, బియ్యమును, పెసరపప్పును, కందిపప్పును కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, సన్నరవ్వగా పట్టించిన పిండి. ఇది చాల మంచి పదార్థము. విదేశములలో కాపురమున్న కూతుళ్ళ పురుళ్ళకు పోవు తల్లులు, పచ్చళ్ళ సీసాలతో పాటు ఈ ఉగ్గురవ్వ పొట్లములను పెట్టెలలో సర్దుకొనిపోవుట నేనెఱుగుదును. మూడు పాళ్ళు బియ్యమునకు ఒక పాలు పప్పు సరిపోవును. పప్పు లేని బియ్యము మాత్రము చాలదు. బియ్యములో కొఱవడిన మాంసకృత్తుల భాగమును పప్పు పూరించును, పప్పులో కొఱవడినది బియ్యములో నున్నది. మన పప్పన్నము నందు ఇంత పొందిక యున్నది.

ఈ పొందిక విలువను లెక్కలతో సహా లోకమునకు చెప్పిన సంస్థ మన హైదరాబాదులోనే యున్నది. 1918లో కూనూరులో మెకారిసన్ అను వైద్యుడు ఒకే గదిలో ఆరంభించిన పరిశోధన, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థయైనది. చిక్కిపోయిన బిడ్డలకు విలువగల మందులకన్న వంటయింటి దినుసులే మేలని వారు చూపిన మిశ్రమమునకు హైదరాబాదు మిశ్రమమనియే పేరు: వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన సెనగపప్పు 16, వేయించిన వేరుసెనగపప్పు 10, బెల్లము 20. ఈ 86 గ్రాములలో 330 కాలరీల శక్తియు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులును గలవు. దీనిలో కొనలేనిది ఏమున్నది? వేరుసెనగను పొడిగనే వాడవలెను సుమా. పలుకులు పలుకులుగా పసిబిడ్డ చేతికందినచో గొంతులో అడ్డుపడి ప్రాణము మీదికి రావచ్చును. అంగన్‌వాడీలలో మన రెండు రాష్ట్రములలోను బాలామృతము పొట్లములు ఇచ్చుచున్నారు. ఏడవ నెల నుండి మూడేండ్లవఱకు గల బిడ్డ కొఱకు ఉద్దేశించినది. అది యింటికి వచ్చిన తరువాత పెద్దపిల్లలు పిడికిళ్ళతో బొక్కుటయు, పండుగకు లడ్డులుగా చుట్టుటయు నేను చూచినాను. ఆ పొట్లము బిడ్డది. దానిని బిడ్డ పేరు పెట్టి వేఱు డబ్బాలో పోసి ఉంచుడు.

అన్నము పప్పు కుదిరిన తరువాత తక్కినవి ఒక్కొక్కటిగా చేర్చవలెను. ఉడికించి మెదిపిన గుమ్మడి, చిలగడదుంప, క్యారెట్టు, బాగుగా పండిన అరటిపండు, బొప్పాయి. అన్నముతో ఉడికించి నలిచిన తోటకూర, మునగాకు. పైన రెండు చుక్కల నిమ్మరసము వేసిన ఆకుకూరలోని ఇనుము మఱింత వంటబట్టును. మాంసాహారుల యిండ్లలో ఒక వింత చూచుచుందును: ఇంటిల్లపాదియు కోడికూర తినుచుందురు, బిడ్డకు మాత్రము చారు నీళ్ళు. ఏడాది నిండనిదే గ్రుడ్డు పెట్టరాదను భయము నిరాధారము. బాగుగా ఉడికిన గ్రుడ్డు, ముల్లు తీసిన చేప, మెత్తగా నూఱిన కాలేయము ఆరు నెలల పిమ్మట పెట్టవచ్చును. రక్తహీనతకు వానివంటి ఆహారము లేదు. ఇది ఆధునికుల పైత్యమనుకొనువారికి ఒక్క మాట: ఇంతకుముందు చెప్పిన ఆశ్వలాయనుడు అన్నప్రాశనమునకు నేతి అన్నముతో పాటు మేకమాంసమును, తిత్తిరిపక్షి మాంసమును కూడ, వేర్వేఱు ఫలములు కోరువారి కొఱకు విధించినాడు. తిననివారు తినవలదు, తినువారు బిడ్డకు దాచవలదు. ఉప్పును, చక్కెరను ఏడాది లోపు బిడ్డ గిన్నెలో వేయనక్కఱలేదు. మన నాలుకకు చప్పగా తోచినది దానికి చప్పన కాదు.

పరిమాణము మాట చెప్పెదను. మొదటి దినములలో రెండు మూడు చెంచాలు చాలును. ఎనిమిదవ నెల నిండునాటికి రోజునకు రెండు మూడు మార్లు, మారునకు అరకప్పు. తొమ్మిదవ నెల నుండి మూడు నాలుగు మార్లు, నడుమ ఒకటి రెండు మార్లు పండో, ఇడ్లీముక్కయో. తొమ్మిది, పది నెలలకు మెత్తని పలుకులు తగులునట్లు మెదపవలెను. ఏడాది నిండినను మిక్సీలో త్రిప్పిన గుజ్జుతోనే పెరిగిన బిడ్డలు, తరువాత అన్నపు మెతుకు తగిలినంతనే ఓకరింతురు. ఏడాదికి ఇంటిల్లపాది అన్నమే, కారము తీసి.

ఇంతయు చెప్పిన తరువాత పాలమాట మఱవరాదు. బువ్వ పాలకు తోడు వచ్చినది, పాలకు మాఱు రాలేదు. రెండేండ్లు నిండువఱకు, వీలైన అటుపైని కూడ, రొమ్ముపాలు సాగవలెను. పాలు హఠాత్తుగా మాన్పించిన బిడ్డ గతి యేమగునో 1933లో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు, నేడు ఘానా అను పేరుగల దేశమున పనిచేయుచు వ్రాసినది. పొట్ట ఉబ్బి, కాళ్ళు వాచి, జుట్టు ఎఱ్ఱబడి, ముఖమున నవ్వు మాసిపోయిన బిడ్డలను ఆమె వరుసగా చూచెను. అచ్చటి గా జాతివారు ఆ వ్యాధిని క్వాషియోర్కర్ అనుచుండిరి. వెనుక బిడ్డ పుట్టగా, తల్లి రొమ్మును విడువవలసివచ్చిన ముందుబిడ్డకు వచ్చు జబ్బు అని దాని భావము. వైద్యగ్రంథములలో నేటికిని అదే పేరు నిలిచినది. మాంసకృత్తులు గల పాలు పోయి, గంజి మాత్రము మిగిలిన బిడ్డ ఖండఖండాంతరములలో ఒకే తీరున చిక్కును.

జబ్బు చేసినపుడు జరుగు పొరపాటు మఱియొకటి. లంఘనము పరమౌషధమనుమాట పెద్దవారి అజీర్ణమునకు చెప్పినది. విరేచనములతో నీరసించిన బిడ్డకు కాదు. పాలు ఆపరాదు, బువ్వ ఆపరాదు, ఓ.ఆర్.ఎస్. నీరు పట్టుచు, కొంచెము కొంచెముగా, మాటిమాటికి పెట్టవలెను. తేఱుకొన్న పిమ్మట రెండు వారములు రోజునకు ఒక పూట అధికముగా పెట్టవలెను. పాలసీసా కన్న గిన్నెయు, చెంచాయు మేలు. సీసా తిత్తి మడతలలో మురికి చేరినచో కడుగుట కష్టము. డబ్బా ఆహారములను గూర్చి 1992లోనే చట్టము వచ్చినది, వానికి ప్రకటనలు చేయుట నిషిద్ధము. ఇంతకన్న చెప్పవలసిన పని లేదు.

పెట్టు చేతిని గూర్చి చెప్పి ముగించెదను. ముక్కు మూసి, నోరు తెఱచినపుడు లోనికి కుక్కుట తినిపించుట కాదు. గోరుముద్ద యను మాటయే చూడుడు: గోటిమీద నిలుచునంత ముద్ద. పెట్టి, ఆగవలెను. నమలి మింగి, మరల నోరు తెఱచువఱకు ఆగవలెను. ముఖము త్రిప్పుకొన్నచో చాలునని చెప్పుచున్నది; దానిని గౌరవింపవలెను. వెనుక చందమామను చూపి పెట్టిరి. ఇప్పుడు ఫోను చూపి పెట్టుచున్నారు. చందమామను చూపు తల్లి తానును చూచెడిది, మాటాడెడిది, బిడ్డ మఱల తన ముఖము వంక చూచెడిది. ఫోనును చూచు బిడ్డకు ఎవరు పెట్టుచున్నారో తెలియదు, తాను తినుచున్నదియు తెలియదు, కడుపు నిండినదియు తెలియదు.

పల్నాటి ముసలమ్మ నలువది దినములకు మరల వచ్చినది. మిరపకోతలు అప్పటికింకను ముగియలేదు. బిడ్డ 6 కిలోల 400 గ్రాములు తూగినది. ఆమె తన డబ్బా మూత తీసి, నేనడుగకమునుపే చెంచా ముంచి నా కన్నుల యెదుట ప్రక్కకు వంచెను. నేతివాసన వేయుచున్న పప్పన్నపు ముద్ద చెంచాను కఱచుకొని నిలిచినది. "పడట్లేదు చూడమ్మా" అని ఆమె యనుచుండగనే, ఒడిలోని మనుమరాలు రెండు చేతులతో ఆ చెంచాను పట్టుకొని నోటివైపునకు లాగినది.